గురువారం గీత

ఉద్యోగంలో ఆఖరి రోజున బొగుమీల తాళాలు అప్పగించాలి, అల్మారా ఖాళీ చేయాలి, రేడియో దూరదర్శిని ముందు ఫొటో దిగాలి, ఆకాశం నుంచి వచ్చే రేడియో అలల్ని పెన్ను గీతలుగా గీసిన పాత కాగితపు చుట్టల్లో పనికిరానివి పారేయాలి.

చుట్టలు ఏరడానికి జెనోన్ వచ్చాడు. ఒకప్పుడు ఆమె శిష్యుడు, ఇప్పుడు ఆ పరిశోధనశాల అధిపతి.

"మేడం, 1974లో ఈ గీత ఇంతెత్తు లేచింది. పక్కన ఎర్రసిరాతో 'నాన్న' అని మీ రాత!"

"నాన్న ఇక్కడి పోస్ట్‌మాన్ కదా. మోటార్ సైకిల్ ఇంజను రవ్వలు పుట్టించే రేడియో అలలకి మా పెన్ను ఎగిరిపడేది. అందుకే రెండు కిలోమీటర్ల ముందే ఇంజను ఆపి, బండి తోసుకుంటూ వచ్చేవాడు. ఆ ఒక్కరోజు ఎక్కి వచ్చాడు."

"ఆకాశాన్ని మించి మోత మోగించారన్నమాట!"

"నెల పోయాక చుట్ట చదివి, ఇంటికెళ్లి తిట్టాను. 'ఎప్పుడూ ఎక్కి రాలేదు తల్లీ' అన్నాడు. 'పెన్ను అబద్ధమాడదు నాన్నా' అన్నాను. మర్నాడే బండి అమ్మేశాడు. రిటైరయ్యేదాకా మంచులో కూడా నడిచే టపా పంచాడు."

చుట్ట అంచున ఉన్న తేదీ, వారం చదివి జెనోన్ నవ్వు ఆగింది. "మేడం... జూన్ పదమూడు, గురువారం. చర్చిలో సత్ప్రసాద పండుగ. టపాకి సెలవు కదా?"

బొగుమీల చుట్టను వెలుగులోకి లాక్కుంది. ఆ పండుగ ఊరేగింపులో చర్చి ఫాదర్ మీద గుడ్డ పందిరి పట్టే నలుగురిలో ఏటా నాన్న ఒకడు.

"అయితే ఇది పైనుంచి వచ్చిందా?" అన్నాడు జెనోన్.

"వచ్చే ఉంటుంది. నేను తేదీ చూశానే గానీ, వారం చూడలేదురా."

ఆమె 'నాన్న' అన్న మాట కొట్టేసింది. ఆ గీత ఏ చుక్కదో ఇక తేలదు. ఆ పోస్ట్‌మాన్ పేరు మాత్రం ఇగ్నాత్సి స్కోవ్రోన్. మంచులో ఎవరైనా నడిచి వస్తుంటే, ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.