ఇనపయ్య తొడుగు విప్పడు

"రేపు మీ ఆయన తొడుగు లేకుండా రావాలమ్మా," అన్నాడు కొత్త డైరెక్టరు. "ఒళ్ళంతా కెమెరాలతో కొలుస్తాం. ఒక్క పూట పని. ఆ తర్వాత ఆయన హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు. మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది."

"రారు," అంది ఆవిడ.

స్టూడియోలో ఆవిడను అందరూ ఇనపయ్యగారి భార్య అంటారు. ఇనపయ్య అంటే 'నక్షత్రాల రేవు' సినిమాల్లో మరమనిషి. తొలి సినిమాలో వాడున్నది రెండు సీన్లే. అంతరిక్ష నౌకల్లోంచి మూటలు దించే కూలీ. రేకులూ రబ్బరూ కలిపి కుట్టిన బరువైన తొడుగులో ఆవిడ భర్త నటించాడు. అంతకుముందు మొగుడూ పెళ్ళాలిద్దరూ సర్కస్‌లో ఊయలల మీద ఎగిరినవాళ్ళే. సినిమా చూసి బయటికొచ్చిన జనం హీరో పేరు మరిచిపోయారు. మూటలు మోసినవాడికి మాత్రం వాళ్ళే పేరు పెట్టుకున్నారు, ఇనపయ్య అని.

రెండో సినిమాలో వాడు సగం కథ లాక్కున్నాడు. మూడోదాంట్లో కథంతా వాడిదే. ఆ సినిమా నుంచే వాడి నడక కొంచెం మారింది. అడుగు వేసేముందు, ఏదో గుర్తొచ్చినట్టు ఒక్క క్షణం ఆగేవాడు. యంత్రానికి మనసు పుట్టిందని పత్రికలు రాశాయి. పిల్లలు బడికి అలాగే నడిచి వెళ్ళారు. ఆపైన టీవీ సీరియల్, కార్టూన్లు, బొమ్మలు, ఇనపయ్య స్నేహితుల మీద వేరే సినిమాలు. చెట్టు కన్నా కొమ్మలు పెద్దవయ్యాయి.

హీరోలు మారారు. డైరెక్టర్లు మారారు. ఇనపయ్య మాత్రం తొడుగులోనే వచ్చేవాడు, తొడుగులోనే వెళ్ళేవాడు. వెంట ఆవిడ తమ్ముడు, ఆ తొడుగు కుట్టిన దర్జీ, ఉండేవాడు. తెర మీద నటుడి పేరు వేయకూడదనీ, ముఖం ఎవరికీ చూపకూడదనీ మొదట్లో షరతు పెట్టింది కంపెనీయే. అలాగైతేనే జనం నిజం మరమనిషి అని నమ్ముతారని వాళ్ళ ఎత్తు. అందుకే ఇనపయ్య సెట్లో నోరు విప్పింది లేదు. ఏ మాటైనా ఆవిడతోనే, ఆఫీసులో బల్లకు అటూ ఇటూ కూర్చుని. సెట్లో ఆవిడ ఎప్పుడూ కనిపించదు. మొగుడు ఇనుమైతే పెళ్ళాం ఉక్కు అని లైట్లు పట్టేవాళ్ళు నవ్వుకునేవారు.

ఇప్పుడు ఇనపయ్య ఒక్కడి మీదే కొత్త సినిమా. జోడీగా ఒక ఆడ మరమనిషి కూడా. దాన్ని మొత్తం కంప్యూటర్‌తోనే చేస్తామని డైరెక్టరు చెప్పాడు. అంత బరువు ఏ ఆడది మోస్తుందని నవ్వాడు కూడా.

ఆవిడ నవ్వలేదు.

"ముఖం చూపించనని ఆయన మీ కంపెనీకి మాటిచ్చారు. ఇక ఈ జన్మలో ఆ మాట తప్పరు."

"అయితే ఆయన లేకుండానే కానిస్తాం."

"కానివ్వండి, చూద్దాం," అని లేచింది.

కంపెనీ పంతం పట్టింది. పాత సినిమాల్లోంచి నడక తీసి కంప్యూటర్‌లో కొత్త ఇనపయ్యను తయారుచేశారు. పెద్ద హాల్లోకి అభిమానులను పిలిచి తెర మీద చూపించారు. వాడు తళతళలాడిపోతున్నాడు. పరిగెత్తాడు, ఎగిరాడు, పల్టీలు కొట్టాడు. జనం మర్యాదకు చప్పట్లు కొట్టారు.

అంతలో హాలు వెనక తలుపు తెరుచుకుంది. పిలవని పేరంటానికి ఇనపయ్య వచ్చాడు.

రేకుల నిండా సొట్టలు. మోకాళ్ళ దగ్గర రబ్బరుకు అతుకులు. వరుసల మధ్య నుంచి నడిచాడు. అడుగు వేసేముందు అదే ఆగడం. హాలంతా లేచి నిలబడింది. వేదిక దగ్గర దర్జీ చెయ్యి అందించబోతే వద్దన్నట్టు తల ఊపి, ఒక్కో మెట్టే ఎక్కాడు.

డైరెక్టరు ముఖం మాడిపోయింది. మైకు అందుకుని, ఇంత గొప్ప నటుడి ముఖం ఈరోజైనా చూద్దామా అని జనాన్ని అడిగాడు. జవాబు కోసం ఆగకుండా ఇనపయ్య తల మీద చెయ్యి వేశాడు.

ఇనపయ్య ఆ మణికట్టు పట్టుకున్నాడు. మెల్లగా చెయ్యి కిందికి దించి, వేదిక నడిమధ్యన చతికిలబడ్డాడు. ఇక లేవలేదు. వెనక తెర మీద కంప్యూటర్ ఇనపయ్య ఎగురుతూనే ఉన్నాడు గానీ, వాడిని చూసే నాథుడు లేడు.

"తొడుగు ముట్టుకోవద్దు," అంది ముందు వరుసలో ఒక పిల్ల.

ఆ మాటను హాలంతా అందుకుంది. తెర ఆర్పేదాకా జనమూ కదల్లేదు, ఇనపయ్యా కదల్లేదు.

మర్నాడు కంపెనీ ఆవిడకు కబురు పెట్టింది. ఆవిడ నడుం పట్టుకుంటూ కుర్చీలో కూర్చుంది. కంప్యూటర్ బొమ్మను పక్కన పెట్టేశామన్నారు. డైరెక్టరు కూడా మెత్తబడ్డాడు. నిన్నటి ఆ నడకకు తన కంప్యూటర్ సాటిరాదని ఒప్పుకున్నాడు. ఒక్కసారి ఆయనను కలిసి క్షమాపణ చెప్పుకుంటానన్నాడు.

"ఆయనకు చెప్పేదేదైనా నాకు చెప్పండి చాలు," అంది ఆవిడ. "ఇంకో మాట. ఆ ఆడ మరమనిషిని కూడా కంప్యూటర్‌తో చేయొద్దు. మోసేవాళ్ళున్నారు. వెతకండి."

షూటింగ్ మొదలైన ఉదయం మేకప్ గదికి లోపల గడియ పెట్టి ఉంది. షాట్ రెడీ అని బయటి నుంచి కేక వినిపించింది.

"ఇన్నేళ్ళుగా మెడ ఒరుసుకుపోతూనే ఉంది, బావ పోయినప్పుడే దీన్ని నీ కొలతకు విప్పి కుడతానంటే విన్నావు కాదక్కా," అంటూ దర్జీ ఇనపయ్య వీపు మీది ఆఖరి కొక్కెం బిగించాడు.