కళ్లజోడులో పాట

"నవ్వి నవ్వి దవడలు లాగేస్తన్నాయి రత్నాలూ. ఇంకో గెస్టు అరిస్తే ఏడ్చేస్తాను" అంది రిసెప్షన్‌లో ఉన్న జయశ్రీ.

"బేగెల్లి కళ్లజోడు పెట్టుకోండి మేడమ్. ఇక్కడ నానుంటాను" అంది నేల తుడుస్తున్న రత్నాలు.

ఆ ఏడాది, 2008లో, అరకు రిసార్టులో ఇద్దరు పని మానేశారు. అందుకే సిబ్బంది సేద తీరడానికి యజమానులు ఆ కళ్లజోడు యంత్రం తెప్పించారు. కళ్లకు అద్దాలు, చెవులకు హెడ్‌ఫోన్లు. పెట్టుకుంటే చుట్టూ కొండ, జలపాతం. ఎక్కడో చోడి పంట చేలోంచి, కనపడని ఆడమనిషి పాట.

మాట ఒక్కటీ అర్థం కాదు. అయినా ఆ గొంతు వింటే జయశ్రీకి దేవుడి గదిలో కూర్చున్నట్టుండేది.

మనిషికి రోజుకు పది నిమిషాలే.

కళ్లజోడు తీసుకుని దుప్పట్ల గదికి వెళుతుంటే, వెనక గుమ్మం దగ్గర ఒక ముసలామె నిలబడి ఉంది. ముక్కుకు మూడు పుడకలు, మెడకు గుడ్డ.

"ఏటి కావాలి?"

పెదవులు కదిలాయి. మాట రాలేదు. అడ్డాకు పొట్లం చాపింది. ఉడికించిన కందికాయలు.

"ఎంత?"

ముసలామె తల అడ్డంగా ఊపింది. కళ్లజోడు చూపించి, చెవి మీద చెయ్యి పెట్టుకుని, ఒక్క వేలు ఎత్తింది.

"ఒక్కసారి పెట్టుకుంటావా? సరదాగా ఉందేటి? ఇది స్టాఫ్‌కే. నాకున్నదే పది నిమిషాలు, ఎల్లిపోమ్మా!"

తలుపేసుకుంది.

తిరిగి తలుపు తీసేసరికి పొట్లం గడప మీదుంది. మనిషి లేదు.

తిండి పారేయకూడదని జయశ్రీ కళ్లకద్దుకుని తింది.

మరుసటి వారం, సంత రోజున, ముసలామె మళ్లీ వచ్చింది. జయశ్రీ అలాగే పంపేసింది.

ఆ పై వారం రాలేదు.

నెల తిరిగాక, యంత్రం బాగుచెయ్యడానికి విశాఖ నుంచి దేవీప్రసాద్ వచ్చాడు. అందులో పాట రికార్డు చేసిందీ అతనే.

"సార్, ఆ పాట పాడినావిడ ఎవరండీ? ఒకసారి చూసి దండం పెట్టుకోవాలనుంది."

"సోములమ్మ. బొర్రా అవతల కొండ మీద ఊరు. వస్తూ వస్తూ అక్కడ ఆగాను. పది రోజులైందట, పోయి."

"అయ్యో! దేవుడిచ్చిన గొంతండీ."

దేవీప్రసాద్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది.

"ఆ గొంతుకే పుండు లేచిందమ్మా. ఆపరేషన్‌తో మాట పోయింది. మొన్నామధ్య కలిసినప్పుడు, తన పాట ఒక్కసారి వినాలని సైగ చేస్తే మీ దగ్గరికే వెళ్లమన్నాను. మెడకు గుడ్డ చుట్టుకుని వచ్చుంటుంది, వినిపించారు కదా?"