పాలూ బ్రెడ్డూ

మా వదినె దేవమ్మ బోయిగూడ నుంచి తెచ్చిన బ్రెడ్డును పాలలో ముంచి ఆసుపత్రి మంచం మీదున్న నా బిడ్డ నవత నోటికి అందిస్తుంటే డాక్టరమ్మ ఆపింది.

"గోధుమది ఏదీ పెట్టొద్దమ్మా. చిన్నపేగు ముక్క తీసి పరీక్ష చేసినం. గోధుమ పడక పేగు లోపలి పొర పాడైంది. తిన్నది ఒంటికి పట్టక గిట్ల చిక్కిపోయింది."

వదినె నవ్వింది. "బీమారోళ్లకు బ్రెడ్డు గాక బిర్యానీ పెడ్తరా?"

"బిర్యానీ అయినా నయమే. గోధుమ మానేస్తే బతుకుతది. ఇది రక్తసంబంధంలో వస్తది. ఇంట్ల ఇంకెవరికన్నా ఉండెనా?"

"దీని తల్లి గిట్లనే ఎండిపోయి చచ్చిపోయింది. పేగు టీబీ అన్నరు" అన్నాను.

డాక్టరమ్మ నవత భుజం తట్టి వెళ్లిపోయింది.

నా భార్య సుగుణ మంచాన పడ్డప్పుడు అన్నం అరగదని మాన్పించింది వదినె. దగ్గరుండి పాలూ బ్రెడ్డే పెట్టింది. వద్దంటే బతిమాలి మరీ తినిపించింది.

వదినె చేతిలోని ముక్క నుంచి పాలు నేల మీద కారుతున్నాయి.

"మరిదీ, నా చెల్లె టీబీతోనే పోయింది గదా?"

ఒక్క 'అవును' కోసం నా ముఖంలోకి చూస్తోంది.

"నవతను ముట్టుకోకు వదినె. ముందు చేతులు కడుక్కో" అన్నాను.