బోణీ కాని కొట్టు

తెల్లారగానే ఉదయ్‌భాస్కర్ కొట్టు తలుపులు తీశాడు. తాళ్ల చుట్టలు ఒకవైపు, నూనె డబ్బాలు ఒకవైపు, ధాన్యం బస్తాలు గోడవార. అన్నీ తండ్రి జోగేశ్వరరావు పెట్టే వరసలోనే సర్దాడు. లాంతర్లు మాత్రం గుమ్మానికి వేలాడదీశాడు. ఈ రోజుల్లో లాంతర్లెవరు కొంటారని అడక్కండి. ఆ కొట్టుకి అవి కావాలి.

సర్దడం అయ్యాక గల్లా వెనక్కి చేరి, బోణీ కోసం వీధిలోకి చూశాడు.

కొవ్వూరులో తాతల నాటినుంచీ వ్యాపారం చేస్తున్న ఇల్లు వాళ్లది. పొద్దుటి మొదటి బేరం అయ్యేదాకా కొట్టు తెరిచినవాడు గడప దిగకూడదు. పక్కింట్లో పెళ్లి భోజనాలు వడ్డించేస్తున్నా సరే, ముందు బోణీ కావాలి. జోగేశ్వరరావు కొడుక్కి అక్షరాలకంటే ముందు నేర్పిన సంగతి ఇదే.

ఆ కొడుకు ఇంజనీరింగ్ అవగానే చేసిన ఘనకార్యం ఏమిటంటే, గదిలో కూర్చుని వీడియో గేమ్ మొదలెట్టడం. అదీ అలాంటిలాంటి ఆట కాదు. గెలుపు లేదు, ఓటమి లేదు, ఫలానా పని చెయ్యమని చెప్పేవాడే లేడు. గుర్రం ఎక్కి ఎటైనా పోవచ్చు. కొండెక్కచ్చు, ఏరు దాటచ్చు, ఊరికే చెట్టుకింద పడుకోవచ్చు.

"ఏం సాధిస్తావురా అందులో?" అని అడిగాడు జోగేశ్వరరావు ఒకసారి.

"ఏమీ సాధించక్కర్లేదు నాన్నా. అదే హాయి."

జోగేశ్వరరావుకి ఆ హాయి ఏమిటో అర్థం కాలేదు. ఆయనకి ఎడమ కంట్లో శుక్లం ముదిరింది. రాజమండ్రి డాక్టరు ఎప్పుడో రమ్మన్నాడు. కొట్లో కూర్చునే మనిషి లేక వాయిదా వేసుకుంటూ వచ్చాడు. ఒక్కపూట కూర్చోరా అని కొడుకుని అడగడం, రేపు కూర్చుంటాలే అని వాడనడం, ఆ ఇంట్లో కాఫీలాగా రోజూ ఉండేదే.

అలాంటివాడికి ఆ తిరుగుడు మీదే మొహం మొత్తింది. ఎటైనా వెళ్లచ్చు అంటే మొదట్లో పండగలా ఉంటుంది. కొన్నాళ్లకి నాలుగు రోడ్ల మధ్య నిలబడి ఎటు పోవాలో తోచక ఏడుపొస్తుంది. ఏ కొండెక్కినా అటువైపు ఇంకో కొండే. భళా అనేవాడు లేడు, చాలు ఇంటికి పద అనేవాడూ లేడు. చివరికి ఒకరోజు ఎవరూ చెప్పకుండానే కొట్లోకి వచ్చి గల్లా వెనక కూర్చున్నాడు. కూర్చోగానే ప్రాణం కుదుటపడింది.

ఆ కుదురే ఇప్పుడు వాడి మెడకి చుట్టుకుంది.

ఇవాళ పొద్దుట్నుంచి ఒక్క బేరం లేదు. ఒక ముసలామె వచ్చి, లాంతరు కేసి చూసి, వాన వచ్చేలా ఉందని చెప్పి వెళ్లిపోయింది. నిన్నా అదే మాట అంది. మొన్నా అంతే. ఆకాశంలో చూడబోతే మబ్బు తునక లేదు. తర్వాత ఒక రైతు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఏం కావాలో చెప్పడు, కదలడు. ఉదయ్‌భాస్కర్‌కి ఒళ్లు మండిపోయింది.

ఇంతలో చెవిలో గణేష్‌బాబు గొంతు. భీమవరం కాలేజీలో కలిసి చదువుకున్నవాడు.

"ఒరేయ్, పడవ రెడీ. సముద్రం దాకా పోతున్నాం. రేవుకి వచ్చెయ్."

ఉదయ్‌భాస్కర్ మనసు అటు లాగేసింది. వీధి దాటితే రేవు. ఆ పడవ కోసం వాడు ఎన్నాళ్లుగా ఎదురుచూశాడో వాడికే తెలుసు.

"బోణీ కాలేదురా. కాస్త ఆగండి."

"బోణీ ఏంట్రా బాబూ? నిన్నెవడు కూర్చోమన్నాడక్కడ?"

ఎవడూ అనలేదు. అదే కదా బాధ. ఎవడైనా అని ఉంటే ఎదురు తిరిగేవాడు. ఇవాళ రాకపోతే ఇంక నిన్ను పిలవం అన్నాడు గణేష్‌బాబు.

సత్యలక్ష్మి పెసరట్టు తెచ్చి కొడుకు పక్కన పెట్టింది. కళ్లు ఎర్రబడ్డాయి, కాస్త లేచి బయట నాలుగడుగులు వేసి రమ్మంది. బోణీ కాలేదమ్మా, ఇప్పుడెలా లేస్తాను అన్నాడు. ఆవిడ వాడి మొహంలోకి చూసింది. తల కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

పెసరట్టు చల్లారిపోయింది. రైతు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఎదురుగా రోడ్డు ఖాళీగా ఉంది, ఎటు కావాలంటే అటు పోవచ్చు. ఒక్క అడుగు వేస్తే చాలు. ఆ అడుగే పడటం లేదు.

"పోతున్నాంరా" అన్నాడు గణేష్‌బాబు. తర్వాత చెవిలో ఏ చప్పుడూ లేదు.

ఉదయ్‌భాస్కర్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా గల్లా వదల్లేదు. వీధి చివర ఎవరో వస్తున్నట్టుంటే, ఆశగా ముందుకి వంగాడు.

అప్పుడు వెనకనుంచి కొడుకు గది తలుపు తోసుకుని, ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని లోపలికి వచ్చిన జోగేశ్వరరావు, "ఇవాళైనా రాజమండ్రి వెళ్లి కన్ను చూపించుకొస్తాను, ఆ టీవీ ఆటలో కొట్టు కట్టేసి ఒక్కపూట మన కొట్లో కూర్చోరా బాబూ, బోణీ నేను చేసేశాను" అన్నాడు.