గంటకింత మౌనం

“మాట్లాడకుండా కూర్చుంటే డబ్బులివ్వాలా?” కాంట్రాక్టర్ కుర్చీలో వెనక్కి వాలాడు. “మౌనం బంగారం అంటే విన్నాను గానీ, తూకానికి అమ్ముతారని ఇప్పుడే వింటున్నాను!”

ఎదురుగా నిలబడ్డ దర్జీ ఆవిడ నవ్వలేదు. నవ్వే వీలూ లేదు. కుట్టుపని మధ్యలో లేచి వచ్చిందేమో, పెదాల మధ్య గుండుసూదులు అలాగే ఉన్నాయి. వాటిని తీసి మెడలోని కొలతల టేపుకు గుచ్చుకుంది.

“ఆసుపత్రి వాళ్ళు విరాళాల వారం పెట్టారండీ. కొందరు పరిగెడతారు, కొందరు సైకిల్ తొక్కుతారు. మా ఆయన ఓ పూటంతా నోరు మెదపరు. గంటకింతని దాతలు కట్టాలి. మేస్త్రీకి పెట్టుడు కాలు కోసం.”

మేస్త్రీ అనగానే కాంట్రాక్టర్ నవ్వు గడ్డకట్టింది, అతని కాంక్రీటు కన్నా త్వరగా.

అతను కడుతున్న మేడ బాల్కనీ కూలి మేస్త్రీ కాలు పోయింది. స్లాబు గట్టిపడకముందే కింది కర్రలు మేస్త్రీయే పీకేశాడని కాంట్రాక్టర్ చెప్పాడు. కాలు లేనివాడి మాట నిలబడదని ధీమా. కానీ ఎదురింట్లో ఓ రేడియో ఉంది. అంటే మనిషే, స్విచ్ లేదు గనక వీధి పెట్టిన పేరు. “ఆ సాయంత్రం మా కిటికీలోంచి అంతా కనబడింది! వద్దు మొర్రో అని మేస్త్రీ మొత్తుకుంటున్నా, ఇంకో సైటుకు కావాలని కర్రలు పీకించింది కాంట్రాక్టరే!” అని కనబడ్డవాళ్ళందరికీ ప్రసారం చేస్తున్నాడు. గురువారం పొద్దున ఆ ప్రమాదం మీద విచారణ. ఎదురింటి నుంచి సాక్షిని పిలిచారని అక్కడి గుమస్తా కాంట్రాక్టర్ చెవిలో వేశాడు.

ఆ రేడియో భార్యే ఇప్పుడు చందాకు వచ్చింది. వెతకబోయిన సుత్తి చేతికే తగిలింది.

“ఏ రోజు?”

“పెద్ద దాత ఏ రోజంటే ఆ రోజేనండీ. పొద్దున పూటైతే మేలు. సాయంత్రాలు ఆయనకి ఫ్యాక్టరీ డ్యూటీ.”

“గురువారం పొద్దున. కాలి ఖర్చు మొత్తం నాదే. ఇవాళే ఆసుపత్రికి కట్టేస్తాను.” ఇన్నాళ్ళూ మందులకు చిల్లిగవ్వ విదల్చని చెయ్యి జేబులోకి వెళ్ళింది. “కానీ మాటంటే మాటే. రాత, సైగ, తల ఊపడం... ఏదీ కుదరదు. ఎవరు అడిగినా సరే, ఎక్కడ అడిగినా సరే. ఆయన నోరు జారితే డబ్బు వెనక్కి. మేస్త్రీ జన్మంతా కుంటుతాడు. ఆ పాపం మీ ఆయనదే.”

“ఆయన నోరు నాకొదిలెయ్యండి.”

కాంట్రాక్టర్ గుమ్మం దాకా వచ్చాడు. గొంతు తగ్గించాడు.

“దర్జీవి కదమ్మా, మీ కిటికీకి ఓ కర్టెన్ కుట్టుకోకూడదూ? ఊళ్ళో సంగతులన్నీ మీకెందుకు?”

“మిషను అక్కడే ఉందండీ. వెలుతురు కావాలి.”

“వెలుతురు ఎక్కువైనా కళ్ళు పోతాయి. జాగ్రత్త. మీ ఇంటి మెట్లు కూడా నేనే కట్టాను.”

“తెలుసండీ. అందుకే చూసుకుని దిగుతాం.”

గురువారం విచారణ గది కిక్కిరిసింది. చంకకర్రల మీద మేస్త్రీ. ముందు బెంచీలో నోటికి రుమాలు కట్టుకున్న రేడియో, పక్కనే కాపలాకు ఆసుపత్రి నర్సమ్మ. బయటికి రాని మాటలతో రేడియో బుగ్గలు పూరీల్లా పొంగాయి.

కాంట్రాక్టర్ కావాలనే వెనకే కూర్చుని అతని చెవిదాకా వంగాడు. “ఒక్క మాట. అంతే. ఆ కాలు నువ్వు నరికినట్టే.”

రేడియో చెవులు ఎర్రబడ్డాయి. నోరు కదల్లేదు.

“ఎదురింటి సాక్షి?” అధికారి పిలిచాడు.

రేడియో తల వంచుకున్నాడు.

“సాక్షి లేరా?”

“రేడియోకి కరెంటు పోయినట్టుందండీ!” అన్నాడు కాంట్రాక్టర్. అతనొక్కడే నవ్వాడు. మేస్త్రీ మాత్రం కంగారు పడలేదు. ఎందుకో అతని చూపు వెనక వరుస మీద ఉంది.

“సాక్ష్యం లేకపోతే మేస్త్రీ తప్పేనని రాసేస్తాను. చివరిసారి అడుగుతున్నాను...”

వెనక వరుసలో అంచు కుట్టుకుంటున్న దర్జీ ఆవిడ, పెదాల మధ్య గుండుసూదులు ఒక్కొక్కటే తీసి టేపుకు గుచ్చుకుంది. లేచి నిలబడింది.

“చూసింది నేనండీ.”