రాశి ముందు చెప్పులు

పంట వైద్యుల సదస్సులో మూడు టూర్లు పెట్టారు. సముద్రంలో తోటలు, మబ్బుల్లో కూరగాయలు చూడ్డానికి జనం ఎగబడ్డారు. భ్రమరాంబ మాత్రం పదకొండో అంతస్తులో జరిగే వరికోతకు పేరిచ్చింది. ఉద్యోగమంతా తెరమీదే వరికి వైద్యం చేసిందిగానీ, కళ్లెదుట గింజ రాలడం ఆవిడ ఎన్నడూ చూడలేదు.

లోపల ధాన్యం రాశి కనబడగానే, ఎవరు నేర్పారో ఏమో, గుమ్మంలోనే చెప్పులు విడిచేసింది.

"చెప్పులు వేసుకోండి మేడమ్. ఇక్కడ తప్పనిసరి," అంది దారి చూపించే రోబో.

"రాశి దగ్గరికి చెప్పులతోనా? మహాలక్ష్మి కదే తల్లీ!"

"అయితే అలాగే వెళ్లండి," అని రోబో తాను గుమ్మం బయటే ఆగిపోయింది.

"నువ్వు రావూ?"

"నా చక్రాలు ఊడిరావమ్మా."