బైలైన్‌లో లేని పేరు

నేరం జరగకముందే యంత్రం వార్త రాసి పంపేస్తున్న రోజులవి. అది ఖాళీ వదిలిన చోట చీరల రంగులూ నగల సంగతులూ నింపడమే విలేకరి హైమవతి పని. ఆ సాయంత్రం ఒక పెద్దింటి విందుకని ఆటో దిగుతుంటే ఫోన్‌లో వార్త పడింది: ‘విందులో మహిళ హత్య’.

ఎప్పటిలాగే ముందు, వార్త రాసినవాళ్ల పేరుండే బైలైన్‌లో తన పేరు కోసం చూసుకుంది. అక్కడ తోటి విలేకరి సత్యకిరణ్ పేరుంది! ఒళ్లు మండి, గేటు దాటుతూనే పత్రికాఫీసు డెస్కుకు ఫోన్ చేసింది.

“నా వార్తకి వాడి పేరేంటి సార్?”

“వార్త చదివావామ్మా?”

అప్పుడు చదివింది. ఈసారి యంత్రం ఖాళీ వదల్లేదు. హతురాలిది పసుపుపచ్చ చీర, చెవులకు ముత్యాల దుద్దులు. హైమవతి తన చెవి ముత్యాన్ని తడుముకుంది.

వెనకాల వాచ్‌మన్ గేటు మూశాడు.

“రండి రండి,” అంటూ ఇంటావిడ మెట్లు దిగి వచ్చింది. “మీకోసమే ఆగాం.”